తీరం ఎందుకు కదులుతుంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గోదావరి డెల్టా నుంచే వచ్చాయి, వాటిలో చాలావరకు సముద్రపు కోత గురించే. అడిగిన తీరు వేరైనా అన్నిటి వెనుకా ఉన్న సందేహం ఒక్కటే కనుక మొదటి ప్రశ్నకు విపులంగా, తక్కినవాటికి అవసరమైనంత మేరకు జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాది ఉప్పాడ దగ్గరి మత్స్యకార గ్రామం. మా తాతల కాలంలో ఉన్న వీధులు ఇప్పుడు నీళ్లలో ఉన్నాయి. కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డు తుపాను వచ్చినప్పుడల్లా తెగిపోతోంది. కాకినాడకు ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ మాత్రం పెరుగుతూ వచ్చిందంటారు. ఒకే సముద్రం ఒకచోట ఊరిని కోసేస్తూ, అంత దగ్గరలోనే ఇంకోచోట ఇసుకను ఎలా మేట వేస్తోంది?
– ఒక పాఠకురాలు, కొత్తపల్లి మండలం

జవాబు: మీరు రెండు వేర్వేరు సంగతులుగా చెప్పినవి నిజానికి ఒకే సంగతికి రెండు వైపులు. అది అర్థం కావాలంటే కెరటం ఒడ్డుకు చేరేటప్పుడు ఏం జరుగుతుందో ముందు చూడాలి.

లోతైన సముద్రంలో కెరటం శక్తిని మోసుకొస్తుందే తప్ప నీటిని పెద్దగా మోసుకురాదు. ఎనిమిది సెకన్లకు ఒకటి చొప్పున వచ్చే కెరటాలనే తీసుకుంటే, లోతు నీటిలో ఒక కెరటానికీ మరొక కెరటానికీ మధ్య దూరం సుమారు 100 మీటర్లు ఉంటుంది. ఆ దూరంలో సగం లోతు వరకే, అంటే 50 మీటర్ల వరకే, దాని కదలిక కిందికి అందుతుంది. సముద్రం అంతకన్నా మెరకైన చోటికి రాగానే కెరటం అడుగును తాకి నెమ్మదిస్తుంది, ఎత్తు పెరుగుతుంది, చివరకు విరిగిపడుతుంది. మీటరు ఎత్తు కెరటం సుమారు 1.3 మీటర్ల లోతులో విరుగుతుంది. అంతదూరం నుంచి వచ్చిన శక్తి అంతా ఆ కొద్దిపాటి వెడల్పులోనే ఖర్చవుతుంది కాబట్టి అడుగున ఉన్న ఇసుక అక్కడే లేస్తుంది.

కెరటాలు ఒడ్డుకు సరిగ్గా ఎదురుగా రావడం అరుదు. అవి ఏటవాలుగా వచ్చినప్పుడు నురుగుతోపాటు ఇసుక రేణువు కూడా ఏటవాలుగానే పైకి ఎక్కుతుంది, వెనక్కి వెళ్లే నీరు మాత్రం వాలు వెంట నేరుగా కిందికి దిగుతుంది. ఆ విధంగా రేణువు ఒక్కో కెరటానికి కొంత చొప్పున ఒడ్డు పొడవునా పక్కకు జరుగుతూ పోతుంది. కెరటాలు విరిగే చోట ఒడ్డుకు సమాంతరంగా ఏర్పడే ప్రవాహం ఇంకా ఎక్కువ ఇసుకను అదే దిక్కుకు తీసుకుపోతుంది. మన తూర్పు తీరంలో సుమారు మార్చి నుంచి అక్టోబరు వరకు దక్షిణం నుంచి, నైరుతి నుంచి వచ్చే కెరటాలు ఇసుకను ఉత్తరంగా నడుపుతాయి. ఈశాన్య రుతుపవన కాలంలో అది కొన్ని నెలలపాటు దక్షిణానికి మళ్లుతుంది. ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే ఉత్తరం వైపు పోయేదే ఎక్కువ.

ఇప్పుడు మన డెల్టా పటాన్ని ముందు పెట్టుకోండి. అంతర్వేది దగ్గర వశిష్ఠ, ఓడలరేవు దగ్గర వైనతేయ, ఇంకా ఈశాన్యాన గౌతమి సముద్రంలో కలుస్తాయి. ఈ మొగల నుంచి బయటకు వచ్చిన ఇసుక తీరం వెంట ఈశాన్యంగా సాగుతుంది. గౌతమి మొగ దాటగానే తీరం పడమటికి ఒక్కసారిగా వంగిపోయి కాకినాడ అఖాతం మొదలవుతుంది. ఒడ్డు వంగినంత మాత్రాన ఇసుకను నడిపించే ప్రవాహం అంత వేగంగా వంగలేదు. అది ముందుకే పోయి, లోతు నీటిలో బలం తగ్గి, మోసుకొచ్చిన ఇసుకను అక్కడే వదిలేస్తుంది. అలా ఒక చివర నేలను ఆనుకొని మరో చివర నీటిలోకి ఉత్తరంగా సాగుతూ వచ్చిన ఇసుక తిన్నెయే హోప్ ఐలాండ్. గత రెండు శతాబ్దాల్లోనే అది సుమారు 16 కిలోమీటర్ల పొడవుకు చేరింది. కాకినాడ రేవుకు సహజమైన అడ్డుకట్టగా నిలిచి, దాని వెనుక నీటిని ప్రశాంతంగా ఉంచుతున్నది కూడా అదే.

మీ ఊరు ఆ అఖాతానికి ఉత్తరాన ఉంది. తిన్నె నీడ కాకినాడకు అందినట్టుగా ఉప్పాడకు అందదు. తిన్నె కొసను చుట్టి వంగి వచ్చే కెరటాలు మీ తీరాన్ని నేరుగా తాకుతాయి. ఆ కెరటాలకు ఇసుకను ఉత్తరానికి నడిపించే బలం ఎప్పటిలాగే ఉంది, కానీ దక్షిణం నుంచి మీకు అందవలసిన ఇసుకలో పెద్ద వాటా హోప్ ఐలాండ్ దగ్గరే నిలిచిపోతోంది. దాన్ని దాటి వచ్చే కొద్దిపాటి ఇసుకను కూడా ఓడల కోసం లోతు చేసిన కాలువ, రేవు కోసం కట్టిన అడ్డుగోడలు ఆపుతాయి. అందువల్ల కెరటాలు మీ ఒడ్డు నుంచి ఇసుకను ఉత్తరానికి తీసుకుపోతున్నాయి, పోయినదాని స్థానంలోకి కొత్త ఇసుక రావడం లేదు. ఒక తీరం పెరుగుతుందా తరుగుతుందా అన్నది అక్కడి కెరటాల ఉధృతి ఒక్కదాన్ని బట్టే ఉండదు. వచ్చే ఇసుక ఎంత, పోయే ఇసుక ఎంత అన్న లెక్కను బట్టి ఉంటుంది. ఉప్పాడలో కనిపిస్తున్నది ఈ రాకపోకల మధ్య ఏర్పడిన లోటు. తుపాను ఆ లోటును ఒక్క రాత్రిలో బయటపెడుతుంది కాబట్టి అందరూ తుపానునే తప్పుపడతారు.

ప్రశ్న: అంతర్వేదిలో భీష్మ ఏకాదశి కల్యాణానికి వెళ్లినప్పుడు విశాలంగా కనిపించే ఇసుక తీరం కార్తిక మాసంలో సగానికి సగం తగ్గిపోయి ఉంటుంది. మళ్లీ మాఘానికి ఎలా వస్తుంది? ఒక్కోసారి ఇసుక మీద నల్లటి పట్టీలు కనిపిస్తాయి, అవి ఏమిటి? సముద్రంలో కలిసిన చమురా?
– ఒక పాఠకుడు, సఖినేటిపల్లి

జవాబు: రుతువును బట్టి జరిగే ఈ మార్పు తీరానికి సహజం. తుపానుల కాలంలో కెరటాలు ఎత్తుగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి విరామం లేకుండా వస్తాయి. ముందు కెరటం నీరు ఇసుకలోకి ఇంకకముందే తరువాతిది మీద పడుతుంది కాబట్టి వెనక్కి పోయే నీరు బలంగా ఉండి, ఒడ్డు మీది ఇసుకను దింపి కొంచెం లోపల నీటి అడుగున గట్టులా పేరుస్తుంది. తరువాతి కెరటాలు ఆ గట్టు మీదే విరిగిపోతాయి కనుక ఒడ్డుకు కొంత రక్షణ కూడా దొరుకుతుంది. శీతకాలం నడిచి సముద్రం నెమ్మదించాక, తక్కువ ఎత్తులో పొడవుగా వచ్చే కెరటాలు అదే ఇసుకను కొద్దికొద్దిగా తిరిగి ఒడ్డుకు చేరుస్తాయి. మీరు మాఘంలో చూసేది అలా తిరిగి వచ్చిన ఇసుకనే. అందుకే తీరం నిజంగా కోతకు గురవుతోందో లేదో తేల్చాలంటే ప్రతి ఏడూ ఒకే నెలలో, పోటు ఒకే స్థాయిలో ఉన్నప్పుడు, కదలని ఒక గుర్తు నుంచి కొలవాలి. తుపాను మరునాడు తీసిన ఫొటోకూ వేసవిలో తీసిన ఫొటోకూ పోలిక పెట్టి ఇంత నేల పోయిందని చెప్పడం సరికాదు.

నల్లటి పట్టీలు చమురు కావు. కోత పడి నిటారుగా తెగిన ఇసుక గట్టు దగ్గర కూర్చొని అడుగు లోతు గోయి తీసి చూడండి. లేత గోధుమ రంగు ఇసుక మధ్య వేలు మందంలో నల్లటి పొరలు, వాటి అంచున అక్కడక్కడ ఊదా కలిసిన ఎర్రటి పొడి కనిపిస్తాయి. నల్లటివి ముఖ్యంగా ఇల్మెనైట్, మాగ్నటైట్, ఎర్రటివి గార్నెట్. మామూలు ఇసుకలోని క్వార్ట్జ్ నీటికన్నా రెండున్నర రెట్లకు కొంచెం మించి బరువు ఉంటే, గార్నెట్ సుమారు నాలుగు రెట్లు, ఇల్మెనైట్, మాగ్నటైట్ నాలుగున్నర నుంచి ఐదు రెట్లకు పైగా బరువు ఉంటాయి. చేటలో చెరిగినప్పుడు ఊక ఎగిరిపోయి గింజ మిగిలినట్టు, కెరటాలు తేలిక రేణువులను తీసుకుపోగా బరువైనవి అక్కడే మిగులుతాయి. కాగితంలో కొంచెం నల్ల ఇసుక పోసి కింద అయస్కాంతం కదిపితే మాగ్నటైట్ రేణువులు బారు తీరి నిలబడతాయి. పిల్లలకు తప్పకుండా చూపించవలసిన సంగతి ఇది.

ఈ ఖనిజాలు గోదావరి దారిని కూడా చెబుతాయి. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే ఈ నది పైభాగంలో దక్కను నల్లరాతి ప్రాంతాన్ని, పాపికొండల దగ్గర తూర్పు కనుమలను కోసుకుంటూ వస్తుంది. మాగ్నటైట్‌లో చాలా భాగం ఆ నల్లరాతి నుంచి, గార్నెట్ తూర్పు కనుమల ఖొండలైట్ శిలల నుంచి వచ్చాయి. ఒక పొర నల్లగా, మందంగా కనిపిస్తే ఆ చోట గట్టి కెరటాలు ఇసుకను బాగా కోసిన రోజులు ఉన్నాయని గ్రహించవచ్చు.

ప్రశ్న: నేను పాఠశాలలో భూగోళశాస్త్రం చెబుతాను. మా ప్రాంతంలో సముద్రానికి చాలా దూరంగా ఉన్న కొబ్బరితోటల్లో కూడా బావి తవ్వితే ఇసుక, గవ్వలు పడతాయి. అంటే సముద్రం ఇక్కడిదాకా ఉండేదా? సముద్రమట్టం పెరిగితే మళ్లీ ఇక్కడికి వస్తుందా?
– ఒక ఉపాధ్యాయుడు, అమలాపురం

జవాబు: ఉండేది. సుమారు 20,000 ఏళ్ల కిందట భూమి మీది నీటిలో పెద్ద భాగం మంచుగా గడ్డకట్టి ఉన్నప్పుడు సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు తక్కువగా ఉండేది, బంగాళాఖాతం ఒడ్డు ఇప్పటి తీరానికి తూర్పున చాలా దూరంలో ఉండేది. మంచు కరిగేకొద్దీ సముద్రం లోపలికి వచ్చింది. సుమారు 7,000 ఏళ్ల కిందట ఆ పెరుగుదల బాగా నెమ్మదించాక నదులకు అవకాశం చిక్కింది. గోదావరి తెచ్చిన మట్టి, ఇసుక సముద్రం ఎక్కే వేగాన్ని మించిపోయి, నేల ముందుకు జరగడం మొదలైంది. ధవళేశ్వరం దిగువన విస్తరించిన డెల్టా ఇలా పెరిగినదే.

ఆ పెరుగుదల సాఫీగా సాగలేదు. నది ఒక మొగను విడిచి మరొక మొగను పట్టుకున్నప్పుడల్లా కెరటాలు పాత మొగ ఇసుకను చదును చేసి ఒడ్డుకు సమాంతరంగా గట్టులా పోశాయి. కొంతకాలానికి దాని ముందు మరో గట్టు, దాని ముందు ఇంకొకటి వచ్చాయి. ఉపగ్రహ చిత్రాల్లో కోనసీమను చూస్తే వంపు తిరిగిన గీతల్లా ఇవి స్పష్టంగా కనిపిస్తాయి. ఒక్కో గీత ఒకప్పటి సముద్రపు ఒడ్డు. ఊళ్లు, పాత రోడ్లు, కొబ్బరితోటలు ఎక్కువగా ఈ మెరకల మీద ఉంటే, వాటి మధ్య పల్లాల్లో వరి పండుతుంది. మీ బావిలో పడిన గవ్వలు అలాంటి ఒక ఒడ్డువి. మీ విద్యార్థుల చేత ఊరి పటం మీద మెరకలు ఒక రంగుతో, పల్లాలు మరొక రంగుతో వేయించండి, పాత ఒడ్డు పిల్లలకే దొరుకుతుంది.

ఈ మెరకలకు మరొక విలువ ఉంది. ఇసుకలో ఇంకిన వాన నీరు కింద ఉన్న ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి దాని మీద తేలుతూ నిలుస్తుంది. సిద్ధాంతరీత్యా సముద్రమట్టానికి పైన మీటరు మంచినీరు నిలిస్తే కింద సుమారు 40 మీటర్ల మంచినీటికి ఆధారం దొరుకుతుంది. అందుకే సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో కూడా ఇసుక మెరక మీది ఊటబావి తియ్యగా ఉంటుంది. ఆ మెరకను తవ్వి ఇసుక అమ్ముకున్నా, సముద్రం కోసివేసినా, మోటార్లు పెట్టి అదుపు లేకుండా తోడినా అడుగున ఉన్న ఉప్పునీరు పైకి వస్తుంది. తీరపు కోత అంటే నేల పోవడం ఒక్కటే కాదని, తాగే నీరు కూడా పోతుందని ఇక్కడ గట్టిగా చెప్పాలి.

ఇక సముద్రమట్టం సంగతి. ప్రపంచ సగటు సముద్రమట్టం 1901 నుంచి 2018 మధ్య సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 నుంచి 2018 వరకు ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల వేగంతో పెరిగింది, అంటే వేగం కూడా పెరుగుతోంది. ఇసుక తీరం వాలు 50కి ఒకటి నుంచి 100కి ఒకటి వరకు ఉందనుకుంటే, 20 సెంటీమీటర్ల పెరుగుదలకు ఒడ్డు 10 నుంచి 20 మీటర్లు వెనక్కి జరుగుతుందని ముతక లెక్క. ఇది చిన్న విషయం కాదు, కానీ వీధులకు వీధులు పోవడాన్ని ఈ లెక్క ఒక్కటే వివరించలేదు. పైగా సముద్రమట్టం అందరికీ ఇంచుమించు ఒకేలా పెరుగుతున్నప్పుడు ఒకే జిల్లాలో ఒక తీరం పెరిగి మరొకటి తరిగిపోవడం కూడా దానితో అర్థం కాదు. ఇసుక రాకపోకల దగ్గరికే మళ్లీ రావాలి.

ఆ లెక్క మన డెల్టాలో తారుమారైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం గోదావరి నీటిలో తేలుతూ వచ్చే ఒండ్రు 1971–79 కాలంలో 15.02 కోట్ల టన్నులు ఉండగా 1990–98 నాటికి 5.72 కోట్ల టన్నులకు పడిపోయింది. 1976 నుంచి 2001 వరకు డెల్టా తీరం నికరంగా 1,836 హెక్టార్ల నేలను కోల్పోయినట్టు అదే అధ్యయనం తేల్చింది. పైన జాయక్వాడి, పోచంపాడు వంటి జలాశయాలు, ఉపనదుల మీది ఆనకట్టలు ఒండ్రును నిలిపేస్తున్నాయి. ఈ అంకెల్లో ఎక్కువ భాగం సన్నని మట్టిదని కూడా గుర్తుంచుకోవాలి. వరద ఉధృతిలో మట్టి కొంతవరకు గేట్లు దాటి రాగలదు, అడుగున దొర్లుతూ వచ్చే ఇసుక మాత్రం నిలువ నీటిలోకి చేరగానే ఆగిపోతుంది. తీరానికి కావలసింది ఆ ఇసుకే. దిగువన నదీగర్భం నుంచి లారీలకెత్తే ఇసుక కూడా ఈ లోటులోనే కలుస్తుంది.

ఇంకొక వైపు నేల కూడా కుంగుతోంది. కొత్తగా పేరుకున్న బురద తన బరువుకే అణుగుతూ ఉంటుంది. పూర్వం ప్రతి వరదా పొలాల మీద కొత్త ఒండ్రు పొరను వేసి ఆ లోటు తీర్చేది. 1847–52 మధ్య ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం జరిగి, కాలువలు, వరద గట్లు విస్తరించాక వరద ఆ గట్ల మధ్యనే సముద్రానికి పోతోంది. డెల్టాకు అన్నం పెట్టిన పని అది, దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అయినా గట్టు వెనుక నేల ఎత్తు పెరగడం ఆగిపోయిందన్నది నిజం. సముద్రం పెరుగుతూ, నేల కుంగుతూ, ఇసుక తగ్గుతూ ఉంటే అమలాపురం దాకా కెరటాలు రాకపోవచ్చు గాని, తీరానికి దగ్గరగా ఉన్న పల్లపు భూములు, పర్రలు, మురుగు కాలువలు ముందుగా దెబ్బతింటాయి. పోటు సమయంలో మురుగు సముద్రంలోకి దిగక పొలాల్లో నిలవడం అందుకు మొదటి గుర్తు.

ప్రశ్న: తీరమంతా రాతి గోడ కట్టేస్తే సమస్య తీరదా?
– ఒక పాఠకుడు, మొగల్తూరు

జవాబు: గోడ తన వెనుక ఉన్నదాన్ని కొంతకాలం కాపాడుతుంది. దాని ముందున్న ఇసుకను కాపాడదు. వాలుగా ఉన్న ఇసుక మీద కెరటం బలం క్రమంగా ఖర్చవుతుంది, గోడకు తగిలిన కెరటం మాత్రం చాలా బలంతో వెనక్కి మళ్లి గోడ పాదం దగ్గరి ఇసుకను తోడేస్తుంది. పాదం గుల్ల అయ్యాక రాళ్లు జారుతాయి. ఉప్పాడలో ఇసుక నింపిన పెద్ద జియోట్యూబులతో వేసిన అడ్డుకట్ట కొన్నేళ్లకే దెబ్బతిన్నది. గోడ ముగిసిన చోట మరో చిక్కు మొదలవుతుంది. గోడ వెనుక ఇసుక ఇక కెరటాలకు అందదు కాబట్టి ఆ లోటును అవి ఉత్తరాన ఉన్న పక్క ఊరి నుంచి తీసుకుంటాయి. ఒడ్డుకు అడ్డంగా సముద్రంలోకి కట్టే రాతి కట్టలకు కూడా ఇదే లక్షణం ఉంది, దక్షిణం వైపు ఇసుక పేరుకుంటుంది, ఉత్తరం వైపు కోత పడుతుంది. ఇళ్లు కూలిపోయే స్థితిలో ఉన్నచోట గోడ తప్పదు, ఆ కుటుంబాలను ఆగమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. తీరమంతటికీ అదే మార్గమనడం మాత్రం తప్పు. విశాఖపట్నంలో రేవు దగ్గర ఆగిపోయే ఇసుకను తవ్వి నగర తీరానికి చేరుస్తున్నారు. ఇసుక ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి తీసి ఎక్కడ కొరవడిందో అక్కడ వేయడం, ఏటా ఖర్చు చేయవలసి వచ్చినా, సమస్య మూలానికి దగ్గరగా ఉండే పని అని మా అభిప్రాయం.

ప్రశ్న: మడ అడవులు పెంచితే కోత ఆగుతుందా?
– ఒక విద్యార్థిని, యానాం

జవాబు: చోటును బట్టి. మడ చెట్లు బురద నేలలో, కెరటాల తాకిడి తక్కువగా ఉన్నచోట నిలుస్తాయి. మీకు దగ్గరలోని కోరింగ మడ అడవి హోప్ ఐలాండ్ వెనుక ప్రశాంతమైన నీటి వల్లనే అంతగా విస్తరించింది. అక్కడ వేళ్లు బురదను పట్టుకుంటాయి, ఉప్పెన బలాన్ని తగ్గిస్తాయి. నేరుగా కెరటాలు విరిగే ఇసుక తీరంలో నాటిన మడ మొక్క ఒక రుతువు కూడా నిలవదు. అక్కడ కావలసింది ఇసుక దిబ్బల మీద సహజంగా పాకే బాలబందపు తీగ, గడ్డి జాతులు. అవి ఎగిరే ఇసుకను పట్టి దిబ్బను పెంచుతాయి, తుపాను వచ్చినప్పుడు ఆ దిబ్బే తీరానికి ఇసుక నిలువగా పనికొస్తుంది. సరుగుడు తోటలు గాలిని ఆపుతాయి గాని వాటి వేళ్లు కెరటాల కోతకు తట్టుకోలేవు. తీరం అంచున కూలిన సరుగుడు చెట్లను మీరు చూసే ఉంటారు.

ప్రశ్న: సముద్రానికి దగ్గరలో ఇంటి స్థలం అమ్మకానికి వచ్చింది. ఒడ్డు ఇప్పుడు పెరుగుతోందని, భయం లేదని అమ్మేవారు అంటున్నారు. కొనవచ్చా?
– ఒక పాఠకుడు, మలికిపురం

జవాబు: నదీ మొగలకు దగ్గరలో కొత్తగా ఏర్పడిన ఇసుక మేటను స్థిరమైన నేలగా లెక్కించకండి. మొగ దిశ కాస్త మారినా, ఒక పెద్ద వరద వచ్చినా ఆ మేట ఉన్నచోట ఉండదు. దేశం మొత్తం తీరాన్ని 1990 నుంచి 2018 వరకు పరిశీలించిన జాతీయ తీర పరిశోధన కేంద్రం 33.6 శాతం తీరం కోతకు గురవుతోందని, 26.9 శాతం పెరుగుతోందని, తక్కినది నిలకడగా ఉందని తేల్చింది. ఈ మూడింటిలో మీరు చూసిన స్థలం ఎందులో ఉందో తెలుసుకోవడానికి పాత, కొత్త ఉపగ్రహ చిత్రాలను ఒకే నెలవి ఎంచుకొని పక్కపక్కన పెట్టి చూడండి. కనీసం పాతికేళ్ల మార్పు చూడాలి, మూడు నాలుగేళ్ల పెరుగుదల ఏమీ చెప్పదు. తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనల ప్రకారం గ్రామీణ ప్రాంతాల్లో గరిష్ఠ పోటు రేఖ నుంచి జనసాంద్రతను బట్టి 50 లేదా 200 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలకు ఆంక్షలున్నాయి. ఆ స్థలం సర్వే నంబరు ఆ పరిధిలోకి వస్తుందో లేదో తీర ప్రణాళిక పటంలో సరిచూడకుండా బయానా ఇవ్వకండి. పక్కనున్న పాత బావి నీరు వేసవిలో రుచి చూడండి, ఆ ఊరి వృద్ధ మత్స్యకారులను తమ చిన్నతనంలో వలలు ఎక్కడ ఆరవేసేవారో అడగండి. ఆ చోటు ఇప్పుడు నీళ్లలో ఉందంటే స్థలం వదులుకోవడం మంచిది.